కట్టె, కొట్టె, తెచ్చె

రామాయణమంతా మూడు ముక్కల్లో చెప్పమంటే కట్టె, కొట్టె, తెచ్చె అంటారు. మా కట్టెల మామ జీవితచరిత్రకు కూడా ఆ మూడు ముక్కలే చాలు, కాకపోతే వరుస మారుతుంది. కట్టె కనపడె, తెచ్చె, కొట్టె. యుద్ధకాండ మాత్రం రోజూ ఇంట్లోనే.

మక్తల్‌లో ఇట్లాంటి మామ వాడకొకరు ఉంటారు కాబట్టి పేరుతో పనిలేదు. పొద్దున రాయచూరు రోడ్డు మీద నడకకు వెళ్లేవాళ్లంతా ముందుకు చూసి నడుస్తుంటే ఒకాయన పైకి చూస్తూ నడుస్తుంటాడు. ఆయనే. ఏ కొమ్మ ఎండింది, ఏది వచ్చే గాలివానకు విరుగుతుంది, కరెంటు తీగల కింద ఏ చెట్టును కొట్టబోతున్నారు, ఈ మూడూ ఆయనకు పేపరు కన్నా ముందు తెలుస్తాయి. లైన్‌మన్ మా అందరికీ బిల్లు కట్టలేదని ఫోన్ చేస్తాడు. మామకు మాత్రం వేపకొమ్మ కొట్టినం, వచ్చి తీస్కపో అని చేస్తాడు.

ఇంట్లో గ్యాస్ లేదా అంటే, ఉంది. ఉజ్వల పథకం కింద అత్త పేరు మీద కనెక్షన్ తీసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో మహాలక్ష్మి కింద ఐదువందల సిలిండర్ అన్నప్పుడు ఆ వరుసలోనూ నిలబడ్డారు. కానీ ఆ ఇంట్లో సిలిండర్ బంగారం లెక్క, ఉందని చెప్పుకోవడానికి ఉంటుంది. చుట్టాలొస్తే చాయ్‌కి వెలిగిస్తారు. చుట్టాలు ఇంకో చాయ్ అడిగితే అది కట్టెల పొయ్యి మీదే. 2019 ఫిబ్రవరి 17న మక్తల్ మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నారాయణపేట జిల్లాలోకి పోయింది గాని, మామ పెరట్లోని కట్టెల కుప్ప ఇంచు కూడా కదల్లేదు.

కట్టెల్లో ఎవరి మర్యాద వారిదే. పెద్దపీట నల్లతుమ్మకు. రాత్రి బూడిద కప్పి పడుకుంటే తెల్లారి ఊదుగొట్టంతో రెండుసార్లు ఊదితే చాలు, నిప్పు లేచి కూర్చుంటుంది. దాని తర్వాత చింత. ఆ తర్వాత సర్కారు తుమ్మ. ఇది 1870ల్లో బయటిదేశం నుంచి మన దేశానికి వచ్చిన చెట్టు. చెరువు కట్టలు, బీళ్లు, రైలుపట్టాల పక్కలు అన్నీ పట్టా చేయించుకుని కూర్చుంది. దాని కట్టె మహా గట్టిది, బొగ్గూ బాగా నిలుస్తుంది, అడిగేవాడు లేడు. ముల్లు మాత్రం అడుగుతుంది. ఇక కందికట్టె గురించి మామ మాట: "మంట మంచిగ లేస్తది అల్లుడా, నిలబడది. మనూరి లీడర్లే చూడు." జొన్నరొట్టెకు మాత్రం అదే కావాలి. పెనం కింద కందికట్టె మంట గుప్పున లేవాలి, ఆ పక్కనే తుమ్మబొగ్గు మీద రొట్టెను నిలబెట్టి పొంగించాలి. ఈ ఒక్క విషయంలో మామతో వాదించే మొగోడు మక్తల్‌లో పుట్టలేదు. నేనూ వాదించను, ఆ రొట్టె తిన్నవాణ్ని.

రావి, మేడి పొయ్యిలో పెట్టడు, దేవుడి చెట్లని. గన్నేరు ముట్టడు, పొగే విషమని. ఇవి కాక ఆయన పూర్తిగా వెలివేసింది ఒక్క మునగ. మా ఇంటి మునగచెట్టు గాలికి పడినప్పుడు పాపం, ఆయనకిద్దామని పిలిచాను. చెట్టును చూసి, తర్వాత నా మొహం చూశాడు.

"మునగ గూడ కట్టెనా? పీనుగ మీద పెట్టినా అది కాలదు."

అదే ఆయన తీర్పు.

ఒక ఏడు రోహిణి కార్తెలో నన్ను వెంటబెట్టుకుని కట్టెల అడితికి పోయాడు. మిరుగు దాటితే కట్టెకు తడి, అడితోడికి రేటు, రెండూ పెరుగుతాయని ఆయన సిద్ధాంతం. అక్కడ ఆయన కట్టె చూసే తీరు చూడాలి. పెళ్లిచూపులు నయం. ముందు కట్టె కొస చూస్తాడు. కొసకు నడిమి నుంచి అంచుకు చీలికలు పడ్డాయంటే ఆరిందన్నట్టు. గోరుతో బెరడు లేపుతాడు. ఊడివస్తే మంచిది, పట్టుకుని ఉంటే పచ్చిది. తర్వాత రెండు చేతుల్లో రెండు ముక్కలు తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని కొడతాడు. టంగుమంటే ఎండుది. దబ్బుమంటే పచ్చిది. ఆయన కళ్లు తెరిచేదాకా అడితిలో హమాలీలు కూడా ఆగి చూశారు.

దబ్బుమంది.

"ఏంది సేటూ, క్వింటాలు కట్టెల అర క్వింటాలు నీళ్లు వెట్టి అమ్ముతున్నవ్? నీళ్లకు మాకు మిషన్ భగీరథ ఉన్నది గదా!"

మాట అబద్ధం కాదు. అప్పుడే కొట్టిన పచ్చికట్టెలో ఇంచుమించు సగం బరువు నీళ్లే. పొయ్యిలో పెడితే ముందు ఆ నీళ్లు కాగాలి, ఆ తర్వాతే అన్నం ఉడకాలి. మామ ఈ ఉపన్యాసం గంటసేపు ఇచ్చాడు. సేటు ఓపిగ్గా విని, ఆరిన కట్టె రేటు చెప్పాడు. మామ ఆకాశం వైపు చూశాడు. రోళ్లు పగిలే ఎండ. వెంటనే మూడు క్వింటాళ్ల పచ్చికట్టె తూకం వేయించాడు.

"మామా, నీళ్లు కొంటున్నవ్ గదా?"

"రేటు తక్కువుంది చూసినవా? ఎండ ఉత్తగనే వస్తది. అదే ఆరవెడ్తది."

ఆరబెట్టింది కూడా. నెల తర్వాత పట్టుదలకు పోయి మళ్లీ తూకం వేయించాడు. మూడు క్వింటాళ్లు రెండయ్యాయి. ఆ రాత్రి తన డైరీలో రాసుకున్నాడు: ఎండకు పోయినవి, 1 క్వింటాలు.

డైరీ అన్నాను కదా, మామ అసలు ఘనత అందులోనే ఉంది. ఏడాది మొత్తం కట్టెల ఖర్చు అని ఒక పేజీ ఉంటుంది. దాదాపు ఖాళీ. ఎక్కడ చూసినా "ఉత్తగనే" అనే మాట. కట్టె తెచ్చిన ఆటో కిరాయి 'ప్రయాణాలు' పేజీలో ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లు దిగి ముందు టైరు, వెనుక టైరు పంక్చరైన డబ్బులు 'బండి' పేజీలో. గొడ్డలికి కొత్త కామ, సాన పట్టించిన కూలి 'ఇంటి సామాను'లో. నడుము పట్టేసి వారం రోజులు రాసుకున్న మందు 'వైద్యం'లో. మొద్దులు దించిన హమాలీల చాయ్, బజ్జీలు 'అతిథి మర్యాద'లో. ఇట్లా ఏ ఖర్చునూ కట్టెల మీదికి రానీయడు కాబట్టే ఆయన కట్టెలు చవక.

నేను చదువుకున్నవాణ్నని ఒకసారి లెక్క చెప్పబోయాను. కిలో గ్యాస్‌లో ఉన్న వేడి కిలో ఎండు కట్టెలో ఉన్నదానికి దాదాపు మూడింతలు. గ్యాస్ పొయ్యి అందులో సగానికి పైగా గిన్నెకు అందిస్తుంది. మూడు రాళ్ల పొయ్యి పదో వంతుకు కాస్త పైన గిన్నెకిచ్చి, మిగతాది గోడలకు, గాలికి, అత్త కళ్లకు పంచిపెడుతుంది. అట్లా చూస్తే 14.2 కిలోల సిలిండర్ చేసే పనికి క్వింటాలున్నర నుంచి రెండు క్వింటాళ్ల కట్టె కావాలి. మామ అంతా విని, "మరి సిలిండర్‌ల బూడిద వస్తదా? బోళ్లు దేంతో తోముతవ్?" అన్నాడు. అత్త లోపల దగ్గుతూ ఏదో అంది. దగ్గులో వినపడలేదు.

కుప్ప పేర్చడం మరో శాస్త్రం. నేల మీద పెడితే చెద పడుతుందని కింద బండలు. గాలి ఆడాలని వరుసకు అడ్డంగా వరుస. పైన తాటిపత్రి, పక్కలు మాత్రం తెరిచి. తేళ్లు ఆయన పిలవకుండానే వచ్చి కాపురం పెట్టాయి. అత్తను ఒకటి కుట్టింది. "కట్టె తీసేముందు తట్టాలె, వాటికి గూడ చెప్పి తియ్యాలె గదా" అన్నాడు మామ. ఆ పూట ఆయనకు చాయ్ ఏ పొయ్యి మీదా కాగలేదు.

పత్తికట్టె సంగతి వేరే. ఏరుడు అయిపోయినాక రైతులు పీక్కపొమ్మంటారు, పైసా అడగరు. ఒక ఏడు మామ ట్రాలీడు తెచ్చి ఇంటెనుక మిద్దెంత కుప్ప వేశాడు. వ్యవసాయ శాఖ పిల్లగాడు అటుగా పోతూ చూసి ఆగాడు. ఎండిన కాయల్లో గులాబీరంగు పురుగు దాక్కుంటుంది, వానాకాలం పంట మీదికి లేచి పోతుంది, పత్తికట్టె ఇట్ల కుప్పలేసి పెట్టొద్దు పెద్దనాయినా అన్నాడు. అప్పటి నుంచి ఆ కుప్పను తొందరగా తగలెయ్యాలని మామ ఇంట్లో రోజుకు మూడుసార్లు నీళ్లు కాగాయి. మే నెలలో. అత్త మనుమడు వేడినీళ్ల స్నానానికి భయపడి వాళ్లమ్మ పుట్టింటికి పారిపోయాడు.

నడుమ పొట్టు పొయ్యి ముచ్చట కూడా నడిచింది. రేకు డబ్బా నడిమిలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరి, సీసా పైకి లాగితే పొగగొట్టంలా బొక్క మిగులుతుంది. కింద అగ్గి పెడితే గంటల తరబడి కాలుతుంది. మామ పొట్టు అంత గట్టిగా కూరాడు, సీసా రాలేదు. ఇప్పటికీ అందులోనే ఉంది.

కుప్ప వెనక, గోడకు ఆనించి, ఎనిమిది నల్లతుమ్మ దుంగలుంటాయి. వాటిని ముట్టుకోనివ్వడు. బిడ్డ పెండ్లికని దాచాడు. పెండ్లి ఫంక్షన్ హాల్లో అయింది, వంటంతా గ్యాస్ పొయ్యిల మీద. మరి ఇప్పుడు ఎందుకు మామా అని మొన్న అడిగాను.

"నా పనికి, అల్లుడా. పడమటి అంజన్న మీద ఒట్టు, నన్ను పచ్చికట్టెల మీద పెట్టొద్దు. వానకాలం పోయిన్ననుకో, మీరు యాడ తెస్తరు?"

తర్వాత అత్త నన్ను పెరట్లోకి పిలిచి చూపించింది. ఎనిమిదింటిలో వెనకవైపు రెండు నల్లతుమ్మలు లేవు, నీళ్లపొయ్యిలో పోయాయి. "ఆ మాటలంటే నాకు పడదు" అని చెంగుతో కళ్లు తుడుచుకుంది, పొగకే అనుకుంటాను. ఆ రెండింటి చోట మా ఇంటి మునగ మొద్దులున్నాయి. ఆ దుంగలను మామ ఎప్పుడూ తట్టి చూడడు గనుక ఆయనకింకా తెలియదు. మీరూ చెప్పకండి.