ఫైనల్ ఫైనల్ పాఠం

లాక్‌డౌన్ రోజుల్లో మాస్టార్లంతా రాత్రికి రాత్రి హీరోలైపోయారు. ఫోన్‌ను పుస్తకాల దొంతరకి ఆనించి, కుక్కర్ కూతల నేపథ్య సంగీతంతో గంటలకొద్దీ పాఠాలు తీశారు. కాలేజీలు వాటినన్నింటినీ గూగుల్ డ్రైవ్‌లో కుక్కేశాయి. చోటు ఉచితం, పైగా అపరిమితం. అత్తసొమ్ము అల్లుడి దానం!

2021లో గూగుల్ చల్లగా కబురంపింది: పాత ఖాతాలకూ 2022 జులై నుంచి సంస్థ మొత్తానికి కలిపి మూల కోటా 100 టెరాబైట్లే. దాంతో ఏరివేత మొదలైంది. తీరా చూస్తే ఫైళ్ల పేర్లు 'కొత్తది', 'ఫైనల్', 'ఫైనల్ ఫైనల్', 'ఇదే అసలు ఫైనల్'. ఏ పేరులోనూ పాఠం పేరు లేదు. ఒకటి తెరిస్తే మొదటి పదకొండు నిమిషాలూ "వినబడుతోందా?" అనే ప్రశ్నే. ఇంకోదానికి లింకుంది గానీ, తాళం బదిలీ అయిన లెక్చరర్‌తోపాటే వెళ్లిపోయింది. నొక్కితే "అనుమతి కోరండి" అంటుంది. కోరారు. ఆ బ్యాచ్ పిల్లలకు పెళ్లిళ్లు కూడా అయ్యాయి.

పిల్లలే నయం, వాట్సాప్‌లో పంచుకున్నారు. అది వీడియోను పిండి పంపింది. ఇక బోర్డు మీదున్నది సమాకలనమో సాలెగూడో పోల్చుకోవడమే పరీక్ష.