షుగర్ మీటరు మీద వినకూడని సలహాలు

నిర్మల్ జిల్లాలో గల్ఫ్‌కు పోయిన కొడుకు లేని ఊరు అరుదు. వాళ్లు ఇంటికి పంపే సామానులో ఇప్పుడు షుగర్ మీటరు, చేతి వాచీ కూడా ఉంటున్నాయి. వాటి వెంట వచ్చే సలహాల్లో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

“ఏడే చూపెట్టింది అవ్వా, నీకు షుగరే లేదు.” అన్నిటికన్నా భయపడాల్సిన మాట ఇదే. మన మీటర్లు మిల్లీగ్రాముల్లో చూపిస్తాయి, కొన్ని దేశాల్లో అమ్మేవి మిల్లీమోల్స్‌లో చూపిస్తాయి. ఆ అంకెను 18తో గుణిస్తేనే మన లెక్క. పరగడుపున 7 వస్తే 126. మధుమేహం ఉందని డాక్టర్లు తేల్చేది అక్కడి నుంచే. 15 అంటే 270. ఆ 15ను చూసి షుగర్ పడిపోయిందనుకుని చక్కెర నీళ్లు తాగిస్తే ఏమవుతుందో ఆలోచించండి. తెర మీద అంకె పక్కన సన్నటి అక్షరాలుంటాయి. ‘ఎంజీ’ అని ఉందా, ‘ఎంమోల్’ అని ఉందా, ముందు అది చూడండి.

“వాచీల కనబడ్తది గదా, వేలు పొడుచుడెందుకు?” చర్మం గుచ్చకుండా తనంతట తానే రక్తంలో చక్కెర కొలిచే వాచీకీ, ఉంగరానికీ దేనికీ అనుమతి ఇవ్వలేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. భుజానికి అతికించే సెన్సర్ వేరు. దాని సన్నని తీగ చర్మం కిందికి దిగుతుంది. అయినా అది కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ద్రవాన్ని, అదీ కొన్ని నిమిషాలు ఆలస్యంగా. చెమటలు పట్టి, చేతులు వణుకుతుంటే సెన్సర్ అంకె బాగున్నా వేలు గుచ్చి చూడాల్సిందే. మిల్లీగ్రాముల లెక్కలో 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలి.

“కడుగుడెందుకు, స్పిరిట్ దూది చాలు.” చాలదు. 2011లో జపాన్ వైద్యులు దీన్ని పరీక్షించి చూశారు. పండు వలిచిన వేలిని స్పిరిట్‌తో తుడిచినా మీటరు ఎక్కువే చూపింది, నీళ్లతో కడిగాకే అంకె సరైంది. సీతాఫలాల కాలంలో మన ఇళ్లలో ఇది మరీ గుర్తుండాలి. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, వేలి కొసన కాకుండా పక్కన గుచ్చాలి. గట్టిగా పిండొద్దు.

స్ట్రిప్స్ డబ్బా మూత తెరిచి ఉంచొద్దు, గడువు దాటినవి వాడొద్దు. చాలా స్ట్రిప్స్ 30 డిగ్రీల లోపే ఉండాలి. మన ఎండాకాలం సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

“నెల సంది మంచిగుంది, గోలీలు బంద్ చెయ్యి.” అంకె బాగుందంటే గోలీ పనిచేస్తోందన్న మాట. మానేస్తే మళ్లీ పెరుగుతుంది. ఇన్సులిన్ డోసు ఫోన్లో ఎవరో చెప్పారని మార్చొద్దు. మీటరు అంకెలు తేదీ, వేళతో రాసి డాక్టరుకు చూపించండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా రక్తహీనత ఉంటే తప్పు చూపొచ్చు, కాబట్టి ఆ సంగతీ ఆయనకు చెప్పండి.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లూ, మీటరు కొనేముందు దాని స్ట్రిప్స్ నిర్మల్ మందుల షాపుల్లో దొరుకుతాయో లేదో ఇంటికి ఫోన్ చేసి అడగండి. దొరకకపోతే ఆ పైసలే పంపండి, మీటరు ఇక్కడే కొనుక్కుంటారు.