మడమ బయటపెట్టిన గుట్టు

మడమ నొప్పి మగవాడి నొప్పి, థైరాయిడ్ ఆడవాళ్ళ జబ్బు. ఎక్కడా చదివింది కాదు, ఎవరూ చెప్పింది కాదు. నా బుర్రలో నేనే వేసుకున్న వాటాలు.

గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాకి మడమ నొప్పి ఉందంటే అందులో ఓ మర్యాద ఉంది. ఫిబ్రవరిలో సరుకు జోరందుకున్నాక తెల్లారకముందే చుట్టుగుంట చేరుకుని సిమెంటు గచ్చు మీద నిలబడాలి. టిక్కీల, అంటే మిర్చి బస్తాల, వరసల మధ్య తిరగాలి, గుప్పెడు కాయ తీసి రంగు చూడాలి, తాలు ఎంతుందో చూడాలి, కాటా దగ్గర కాపలా ఉండాలి. "నిలబడీ నిలబడీ మడమలు పోయినయ్యిరా" అంటే హమాలీ కూడా "అయ్యో గుమస్తా గారూ" అనేవాడు. టిక్కీ ఒక్కోటి 40 కిలోల పైమాటే. దాన్ని వీపున మోసుకుపోయేవాడు నా మడమ మీద జాలి పడటంలోని తమాషా అప్పట్లో నాకు తట్టలేదు.

థైరాయిడ్‌కి ఈ మర్యాద లేదు. మార్చి ఎండల్లో కూడా చలిగా ఉండటం, భోజనం చేశాక కూర్చున్నచోటే కునుకు, బెల్టుకి కొత్త రంధ్రం. రక్తం పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ చూపించింది. రోజూ ఓ మాత్ర వేసుకోమన్నారు. మా చెల్లెలికి ఆ మాత్రే, మా వదినకీ ఆ మాత్రే. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి "అమ్మగారికా అండీ?" అనడిగాడు. "ఆఁ, అమ్మగారికే" అన్నాను. ఆ ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి ఎన్ని తిప్పలు పడ్డానో!

ఆడవాళ్ళకి ఎక్కువ వస్తుందన్నది నిజమే. 1912లో హషిమోటో అనే జపాను సర్జన్, తర్వాత తన పేరే పెట్టిన థైరాయిడ్ వాపు గురించి తొలిసారి రాసినప్పుడు ఆయన చెప్పిన నలుగురు రోగులూ ఆడవాళ్ళే. అయితే వాళ్ళకే వస్తుందని ఏ డాక్టరూ అనలేదు. హైదరాబాదుతో కలిపి దేశంలో ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్ళని పరీక్షించి 2013లో ప్రచురించిన లెక్కల ప్రకారం సుమారు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ మందగించే నా జబ్బే, ఉంది. మన యార్డులో ఓ పూట తిరిగే జనంలో ఎంతమంది అవుతారో లెక్కేసుకోండి. వాళ్ళందరిలో నేనొక్కణ్ణే మగవాణ్ణని నా నమ్మకం.

ఇంట్లో పెడితే మా ఆవిడ చూస్తుందని మాత్రల సీసా బండి డిక్కీలో పెట్టాను. రెంటచింతల ఎండ గురించి పేపర్లో ఏటా చదువుతాం కదా, గుంటూరు ఎండ దానికి తమ్ముడే. ఆ ఎండలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండి యార్డు బయట నిలబడేది. సీటు ఎత్తితే గుప్పున ఆవిరి. సీసా మీద 25 డిగ్రీలు దాటకుండా, వెలుతురు తగలకుండా ఉంచమని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదవాలంటే కళ్ళజోడు పెట్టుకోవాలి, కళ్ళజోడు పెట్టుకుంటే ఎవరైనా "ఏం మాత్రలు?" అంటారు. మూత మరలో ఎర్రటి కారం దుమ్ము పేరుకుని, తిప్పినప్పుడల్లా తుమ్ములు. అలా తుమ్ముకుంటూ టీ కొట్టు పక్కకి పోయి, టీతోనే మాత్ర మింగేవాణ్ణి. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంటో గంటో ఆగి టీ తాగాలి. వేడికి మందు బలం పోతుంది, కాఫీ టీలతో మింగితే ఒంటికి సరిగ్గా పట్టదు. అంటే నేను దాచుకుని మరీ పాడు చేసుకున్నాను.

ఈలోగా మడమ ముదిరింది. మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. పది అడుగులు నడిస్తే కాస్త సర్దుకునేది, కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ మొదటికి. మడమ ఎముక నుంచి కాలివేళ్ళ దాకా అరికాలి కింద ఓ మందపాటి పట్టీ ఉంటుందట, అది దెబ్బతింటే ఇలాగే ఉంటుందట. నిలబడే పని, పెరిగే బరువు, బిగుసుకుపోయిన పిక్కలు దానికి పడవు. నాకు మూడూ ఉన్నాయి.

దీని గురించి మాత్రం ఊరంతా చెప్పాను. చెప్పినవాడికి మందులకేం కొదవ? మా అత్తగారు ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకు వేసి, "మడమ ఆనించండి అల్లుడు గారూ" అన్నారు. ఆకు సుయ్యిమని వాసన వేసేది, ఆ పూటకి హాయిగానే ఉండేది. ఒకరు ఆముదం అన్నారు, ఒకరు వావిలాకు కాపడం అన్నారు. శివరాత్రికి కోటప్పకొండ మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కితే పోతుందన్నాడు మా పక్క కొట్టు గుమస్తా. ఎక్కాను. దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

ఎక్స్‌రే తీయిస్తే మడమ కింద ముల్లులా ఎముక పెరిగిందన్నారు. అలా పెరిగి కూడా ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్ళు బోలెడుమంది ఉంటారని తర్వాత తెలిసింది. ఎముక అన్న మాట వినగానే నాకు నేనే కాల్షియం మాత్రలు కొనుక్కున్నాను. పెరిగిపోయిందని ఏడుస్తున్న ఎముకకి కాల్షియం పోసిన తెలివి నాది! దాన్నీ పొద్దున్నే, ఆ థైరాయిడ్ మాత్రతో కలిపి, ఆ టీతోనే. కాల్షియమైనా ఐరనైనా ఆ మాత్రకి నాలుగు గంటలు ఎడంగా వేసుకోవాలి, లేకపోతే మందుని ఒంట్లోకి పోనివ్వవు. మడమకని వేసుకున్నది థైరాయిడ్ మందుని అడ్డుకుంటోంది, థైరాయిడ్ జబ్బుతో బరువు పెరిగి మడమ మీద పడుతోంది. రెంటి మధ్యా గుమస్తాగిరీ చేస్తున్నది నేనే.

చివరికి మా ఆవిడ కొత్తపేటలో ఓ ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన మడమ నొక్కి చూసి, నా మొహం ఉబ్బు చూసి, కుర్చీ మీద మోకాళ్ళు ఆనించి నిలబడమన్నాడు. పాదాలు గాల్లో వేలాడుతున్నాయి. మడమ వెనక, పైన ఉండే లావుపాటి స్నాయువు మీద చిన్న సుత్తితో కొట్టాడు. పాదం చటుక్కున వెనక్కి కదిలింది. తిరిగి రావడానికి మాత్రం తీరిగ్గా, బద్ధకంగా వచ్చింది. రెండో పాదమూ అంతే. రక్తపరీక్షలు ఇంతగా లేని రోజుల్లో ఈ పాదం తిరిగొచ్చే వేగం చూసే థైరాయిడ్‌ని అంచనా వేసేవారట.

"థైరాయిడ్ ఎప్పుడైనా చూపించుకున్నారా?" అన్నాడు.

"ఈయనకి అలాంటివేం లేవండీ" అంది మా ఆవిడ, నా తరఫున, ఎంతో ధీమాగా.

నేను కుర్చీ మీద మోకాళ్ళ మీదే ఉన్నాను. ఒప్పుకోవడానికి అంతకంటే అనువైన భంగిమ దొరకదు. అంతా చెప్పేశాను: సీసా, డిక్కీ, టీ, కాల్షియం. డాక్టరు నవ్వలేదు, అదే నయం. థైరాయిడ్ వల్లే మడమ నొప్పి వచ్చిందని కూడా అనలేదు. అది అదుపులో లేనప్పుడు కండరాలు బిగుస్తాయి, బరువు తగ్గదు, మడమకి ఎంత చేసినా సగమే పని చేస్తుంది అన్నాడు. ఆటోలో మా ఆవిడ జబ్బు ఊసే ఎత్తలేదు. "డిక్కీ తాళం ఇటివ్వండి" అంది, అంతే.

ఇప్పుడు కొత్త సీసా బీరువాలో ఉంది. అయిదింటికి మాత్ర, మంచినీళ్ళు. తర్వాత టీ కోసం గంటసేపు ఎదురుచూపు. మంచం దిగేముందు కాలివేళ్ళని చేత్తో నా వైపు లాగి పట్టి పది అంకెలు లెక్కపెట్టాలి, అలా పదిసార్లు. గోడకి చేతులు ఆనించి పిక్కలు సాగదీయాలి. ఇంట్లో కూడా మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు. మళ్ళీ ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చూపించుకోమన్నారు, అంతకుముందు చూసినా మందు తేడా సరిగ్గా తెలియదట. మడమ తగ్గడానికి నెలల తరబడి పడుతుంది, ఓపిక పట్టమన్నారు. యార్డుకి వేసవి సెలవులిచ్చాక పరీక్షలో ఆ అంకె దిగింది, నొప్పీ దిగుతోంది.

దిగుతోంది కదా అని మొన్న నరసరావుపేటలో మేనకోడలి పెళ్ళికి పట్టు పంచె మీదకి ఆ నల్లటి ఎంసీఆర్ చెప్పులు బాగుండవని ఇంట్లోనే వదిలేశాను. ఫంక్షన్ హాలు గ్రానైటు మీద పొద్దుటి నుంచి అప్పగింతల దాకా వట్టికాళ్ళతో వడ్డనలు చేయించాను. మర్నాడు కుంటుతుంటే మా బావమరిది "ఏంటి బావా, మళ్ళీనా?" అన్నాడు.

"ఏం చెయ్యను బావా, థైరాయిడ్ ఉంది కదా" అన్నాను.