డోరు తోలు: ఒక కారు పద్యానికి పశ్చిమ ప్రకాశం టీకా తాత్పర్యం

అవతారిక. కొత్త కారు స్పీకర్ల అట్టపెట్టెలో జత స్పీకర్లు, గుప్పెడు మరలు, మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటాయి. ఆ కాగితం మీద బొమ్మలు ఎక్కువ, మాటలు తక్కువ. సూత్రకారులు కూడా సిగ్గుపడేంత క్లుప్తం. మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఆదివారం పొద్దున్నే వేపచెట్టు నీడన కారు నిలిపి, స్క్రూడ్రైవరు చేతబట్టిన గృహస్థుకు అది చాలదు. మంచి షాపు వెతుక్కుంటూ ఒంగోలుకో గుంటూరుకో పోతే రోజంతా అక్కడే గడిచిపోతుంది. సరుకేమో ఆన్‌లైన్‌లో గుమ్మం ముందుకే వచ్చి పడింది. కనుక ఆ కాగితంలోని సారాన్ని ఒక ఆటవెలదిగా కుదించి, దానికి టీక రాయడమైనది.

డోరు తోలు విప్పి డొప్పను విడదీసి
తీగ రంగు చూచి తేటగాను
కొత్త గొంతు నిలిపి గూటిలో బిగియించి
పాట పెట్టవలయు పవరు జూచి

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచలం మల్లినాథసూరి మెదక్ సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. ఈ టీకకు ఆ మొదటి షరతు కుదరదు. పై పద్యం చెప్పిన పని కంటే చెప్పకుండా దాటేసిన పనే ఎక్కువ.

డోరు తోలు విప్పి: తలుపు లోపలి ప్లాస్టిక్ పలకను ఊడదీసి అని అర్థం. మెకానిక్కులు దీన్ని డోర్ ప్యాడ్ అంటారు. "విప్పి" అన్నాడు కవి, అదేదో పంచె విప్పినంత సులువన్నట్టు. పిడి వెనక గుంటలో ఒక స్క్రూ, చెయ్యి ఆనించుకునే చోట మూత కింద ఇంకొకటి, కొన్ని కార్లలో అద్దం మూల ముక్కోణపు బిళ్ళ చాటున మరొకటి దాగి ఉంటాయి. అవన్నీ తీశాక అంచు చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు. కింది మూల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే లాగాలి, ఆఖర్న పలకను పైకెత్తాలి. ఏళ్ళ తరబడి ఎండలో మగ్గిన క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి, కాబట్టి డజను కొత్తవి ముందే తెచ్చి పెట్టుకోవడం బుద్ధిమంతుల లక్షణం. ఇనుప స్క్రూడ్రైవరుతో తెరిస్తే అంచు మీద గాటు పడుతుంది. ప్లాస్టిక్ పట్టీ వాడాలి. పలక చేతికొచ్చింది కదా అని ఒక్క గుంజు గుంజకూడదు, అద్దాల స్విచ్చి తీగ, లాకు కేబులు ఇంకా దాన్ని పట్టుకొనే ఉంటాయి.

ఆ పలక వెనక ఒక ప్లాస్టిక్ షీటు జిగురుతో అంటించి ఉంటుంది. పద్యంలో దీని ఊసే లేదు. చాలామంది దీన్ని కంపెనీవాడు పడేయడం మరచిన సంచి అనుకొని చింపి పారేస్తారు. నిజానికి వాన నీళ్ళు అద్దం సందులోంచి తలుపు లోపలికి దిగుతూనే ఉంటాయి. కంభం చెరువుకు తూములున్నట్టే తలుపుకూ అడుగున సన్నని తూములుంటాయి, నీళ్ళు అలా బయటికి పోతాయి. ఆ నీళ్ళను కాళ్ళ దగ్గరికి రానీయకుండా అడ్డం నిలిచేది ఈ షీటే. దాన్ని మెల్లగా ఒక మూల నుంచి ఒలిచి, పని అయ్యాక యథాస్థానంలో అంటించకపోతే తొలి ముసురుకే మ్యాట్లు తడిసి ముక్క వాసన పడతాయి.

డొప్పను విడదీసి: కంపెనీ స్పీకరును తీసి. డొప్ప అనడంలో కవి చులకన కొంత ధ్వనిస్తోంది, అది అన్యాయం. కంపెనీ స్పీకరులో అయస్కాంతం చిన్నదే, శంకువు (కోను) చాలావరకు కాగితందే. కానీ బరువు తగ్గాలి, ధర తగ్గాలి, తడికి ఓర్చుకోవాలి, ఏళ్ళ తరబడి మోగాలి అనే షరతుల మధ్య పుట్టిన వస్తువది. ఛెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో లోకానికి చూపిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. అయస్కాంతం మధ్య తీగచుట్ట, చుట్టకు అంటిన శంకువు. పాతదానిలోనూ అదే, కొత్తదానిలోనూ అదే. కొన్ని కార్లలో దీన్ని స్క్రూలతో కాక రివెట్లతో బిగిస్తారు. అప్పుడు డ్రిల్లు తెమ్మనాలి. రాలే ఇనుప రజను కొత్త స్పీకరు అయస్కాంతం వైపు పరుగెత్తుతుంది గనుక, డ్రిల్లు పని ముగిసి గుడ్డతో తుడిచేదాకా కొత్త పెట్టె తెరవరాదు.

తీగ రంగు చూచి: ఇక్కడ వ్యాఖ్యాతల మధ్య పెద్ద గొడవ. ఎరుపు ప్లస్, నలుపు మైనస్ అని కొందరు. అది ప్రమాద పాఠం. కంపెనీ తీగల రంగులు కారుకు కారుకు మారతాయి. బయట కొన్న స్టీరియోలకు మాత్రం అందరూ పాటించే వాడుక ఒకటుంది: ముందు ఎడమకు తెలుపు, ముందు కుడికి బూడిద రంగు, వెనక ఎడమకు ఆకుపచ్చ, వెనక కుడికి ఊదా. అదే రంగు మీద నల్ల చార ఉంటే మైనస్. స్పీకరు వైపున పెద్ద నాలుక సాధారణంగా ప్లస్, చిన్నది మైనస్.

సందేహ నివృత్తికి టార్చి సెల్లు చాలు. 1.5 వోల్టుల సెల్లును క్షణం పాటు స్పీకరు తీగలకు తాకిస్తే, ప్లస్‌కు ప్లస్ కలిసినప్పుడు శంకువు ముందుకు ఉబుకుతుంది, తిరగబడితే లోపలికి పోతుంది. కళ్ళతో చూడొచ్చు. రెండు తలుపుల్లో ఒకటి తిరగబడితే ఏ స్పీకరూ కాలిపోదు, కానీ ఒకటి గాలిని నెట్టే సమయానికి రెండోది లాగుతుంది. డప్పు దెబ్బ మాయమై, గాయకుడి గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. బోలెడు డబ్బు పోసి కొన్నవాడు కంపెనీ స్పీకర్లే నయమనడానికి తరచు ఇదే కారణం.

కొత్త గొంతు నిలిపి: తలుపు కంతకూ కొత్త స్పీకరుకూ కొలత కుదరదు. ఆరున్నర అంగుళాలని రెండింటి మీదా రాసి ఉన్నా మరల రంధ్రాలు వేరు వేరు చోట్ల ఉంటాయి. మధ్యలో ఒక రింగు కావాలి. దీనికి మూడు పాఠాలున్నాయి. ఎండీఎఫ్ చెక్క పాఠం కోతకు సులువే గాని తడికి ఉబ్బుతుంది. ప్లైవుడ్ పాఠం రంగు వేస్తే నాలుగేళ్ళు నిలుస్తుంది. గట్టి ప్లాస్టిక్ రింగు అన్నిటికంటే మేలైన పాఠం. మార్కాపురం పాఠం ఒకటి ఎవరైనా లేవదీయవచ్చు: ఊరి నిండా పలకరాయి ఉండగా రింగుకు వేరే సరుకెందుకని. రాతి బరువు ధ్వనికి మంచిదే. అయితే పొరలుగా చీలడం పలకరాయి పుట్టుగుణం, స్క్రూ దిగిన చోటే విచ్చుకుంటుంది. ఈ పాఠం గ్రాహ్యం కాదు.

బిగించే ముందు అద్దాన్ని పూర్తిగా కిందికి దించి చూడాలి. కొత్త స్పీకరుకు అయస్కాంతం పెద్దది, వెనక్కి పొడుచుకొస్తుంది. అద్దం దానికి తగిలిందా, బేరం మొదటికొస్తుంది.

గూటిలో బిగియించి: పద్యానికి ఆయువుపట్టు ఇదే. స్పీకరు ముందుకు ఎంత గాలిని నెడుతుందో వెనక నుంచి అంతే గాలిని లాగుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, ముందుగా చచ్చేది బేసు. తలుపు లోపలి రేకుకు మెకానిక్కు చెయ్యి పట్టేంత కంతలుంటాయి గనుక ముందూ వెనకా కలవడం తేలిక. పైగా రేకు పలచన. పాట పెంచితే, "డోరంతా గడగడలాడతాందన్నా" అని పక్క సీటు తమ్ముడు ఫిర్యాదు చేస్తాడు. అది స్పీకరు మీద ఫిర్యాదు కాదు, రేకు మీద.

మందు బ్యూటిల్ షీటు. అల్యూమినియం పొర వెనక నల్లని జిగురు పదార్థం. రేకును శుభ్రంగా తుడిచి, ఆరాక, బయటి రేకు లోపలి ముఖాన కొంత, లోపలి రేకు కంతల మీద కొంత అతికించి రోలరుతో నొక్కాలి. అడుగు తూములు మాత్రం మూయకూడదు. చవగ్గా దొరికే తారు షీటు కూడా ఉంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఈ సీమలో, ఎండన నిలిపిన కారు తలుపులో తారు మెత్తబడి జారుతుంది, వాసన కూడా కొడుతుంది. స్పీకరుకూ రింగుకూ మధ్య, రింగుకూ రేకుకూ మధ్య స్పాంజి పట్టీ వేయడం మరవరాదు. ఈ టీకాకారుడి పక్షం ఏమిటంటే, చేతిలో ఉన్న సొమ్ముతో నాలుగు తలుపులకు ఖరీదైన పేరున్న స్పీకర్లు కొనేకంటే ముందు రెండు తలుపులకే మధ్యరకం జత కొని, మిగిలింది షీటుకు పెట్టడం మేలు. వెనక సీట్లో పిల్లలు ఎలాగూ ఫోన్లే చూస్తుంటారు.

పాట పెట్టవలయు: దిగువమెట్ట దాటి నంద్యాల వైపు ఘాట్ ఎక్కితే ఫోను సిగ్నలు మిణుకుమిణుకుమంటుంది, కనుక పాటలు పెన్‌డ్రైవులో ఉండటం క్షేమం. రోడ్డు హోరు ముందుగా మింగేది బేసునే. అందుకే ఇంటి ముందు నిలబెట్టి విని తృప్తిపడటం పరీక్ష కాదు, నల్లమల మలుపుల్లో వినాలి. ఘంటసాల పాత పాటలు పెట్టి, సన్నని శబ్దాలు పలికే ట్వీటరు గొప్ప వెతకడమూ దండగే. ఆనాటి రికార్డింగులో లేని సన్నని కిణకిణలు ఏ స్పీకరూ పుట్టించలేదు.

పవరు జూచి: దీనికి రెండర్థాలు. బ్యాటరీ మైనస్ తీగ విప్పారో లేదో చూచి అని ఒకటి. కవి దీన్ని చివర పెట్టాడు గాని చేయవలసింది అన్నిటికంటే ముందు. పక్క ఎయిర్‌బ్యాగులున్న కొన్ని కార్లలో తలుపు లోపలి గాలి ఒత్తిడిని కనిపెట్టే సెన్సరు కూడా ఉంటుంది, దాన్ని కదపకూడదు.

రెండో అర్థం వాట్లు. పెట్టె మీద పెద్దక్షరాల్లో 300 అని ఉంటే అది శిఖరం, కింద సన్నగా ఆర్ఎంఎస్ అని ఉన్నదే నిజం. స్టీరియో మీద 4×50 అన్న మాటా అలాంటిదే. ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీ దగ్గర 14.4 వోల్టులుంటాయి. 4 ఓంల స్పీకరుకు అందులోంచి వచ్చే శుద్ధమైన శక్తి లెక్కగట్టితే 26 వాట్లు మించదు, ఆచరణలో ఇంకా తక్కువే. కాబట్టి చూడవలసింది వాట్లు కాదు, సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా మోగుతుందో. 86 డెసిబెళ్ళ స్పీకరు, 92 డెసిబెళ్ళ స్పీకరుతో సమానంగా మోగాలంటే నాలుగు రెట్లు శక్తి కావాలి. విడిగా ఆంప్లిఫయరు పెట్టనివాడు 90కి పైన ఉన్నదాన్నే కొనాలి.

విడదీసిన డొప్పల సంగతి పద్యం చెప్పలేదు. వాటిని కొత్తవి వచ్చిన అట్టపెట్టెలోనే, కనెక్టర్లతో సహా పెట్టి, ఏ తలుపుదో పెన్నుతో రాసి అటక మీద దాచాలి. కారు అమ్మేనాడు కొనేవాడు కొత్త స్పీకర్లకు పైసా ఎక్కువివ్వడు. పాతవి తిరిగి బిగించి, కొత్తవి తరవాతి కారుకు తీసుకుపోవచ్చు, రింగు ఒక్కటి మారిస్తే సరి.