క్యారియర్ అంటే అంత నామోషీనా?

పట్నంలో ఉద్యోగస్థుడు సైకిల్ కొనడానికి వెళితే ముందుగా చేసే పని, దాన్ని ఒంటిచేత్తో పైకెత్తి చూడటం. తన బరువు ఎనభై అయిదు కిలోలు. ఆ ఊసు అక్కడ ఎవరూ ఎత్తరు. ఫ్రేములో మూడొందల గ్రాములు తగ్గుతాయంటే మాత్రం ఇంకో పాతిక వేలు నవ్వుతూ తీస్తాడు. ఉప్మా పెసరట్టు ఒక పూట మానేస్తే ఊరికే వచ్చే తగ్గింపు అది. పోటీ సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000లో నిబంధన తెచ్చింది. ఆల్ప్స్ కనుమలెక్కే పందెగాళ్ల కోసం పెట్టిన ఆ అంకె, కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి పోయేవాడికి దైవవాక్కయి కూర్చుంది. ఎనిమిది కిలోల కార్బన్ సైకిల్‌తో కలిపి మనవాడు 93 కిలోలు, పద్నాలుగు కిలోల స్టీలు సైకిల్‌తో 99. తేడా ఆరు శాతం. అదీ ఎత్తు ఎక్కేటప్పుడు, ఆగి మళ్లీ వేగం అందుకునేటప్పుడు మాత్రమే తెలుస్తుంది. చదును రోడ్డు మీద గంటకు పాతిక కిలోమీటర్లు దాటాక అడ్డొచ్చేది గాలి. గాలి సైకిల్‌ని తూకం వేయదు.

ఇంత చిన్న లెక్క ఇంజినీర్లకు తెలియదా? తెలుసు. బరువన్నది సాకు. అసలు భయం క్యారియర్ అంటే. క్యారియర్, మడ్‌గార్డు, స్టాండు, బెల్లు ఉన్న సైకిల్ పాలవాడిది, పేపరు కుర్రాడిది, వాచ్‌మన్‌ది. అవన్నీ ఊడబీకితే అది క్రీడ అవుతుంది, ధర పదింతలవుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభించారు. దారి మంచిదే. కానీ అక్కడికి కారు వెనక వేలాడుతూ వచ్చే సైకిళ్లున్నాయి. కారు దిగి తొక్కితే ఆరోగ్యం, అదే సైకిల్ మీద రైతుబజారుకెళ్లి వంకాయలు తెస్తే పరువు తక్కువ! వెళ్దామన్నా సంచి తగిలించడానికి చోటుండదు. వాన పడితే వెనక చక్రం చొక్కా మీద నడుము నుంచి మెడదాకా బురద చార గీస్తుంది. ఆ చారతో ఆఫీసులోకి నడవడం మాత్రం నామోషీ కాదట.

చవక రకాల కథ ఇంకా వినోదం. పదిహేను వేలలోపు సైకిల్‌కి ముందు లావుపాటి స్ప్రింగు ఫోర్కు, పైన "21 గేర్లు" స్టిక్కరు. పైన పటారం, లోన లొటారం. ఆ స్ప్రింగు బరువు పెంచుతుంది, లేచి తొక్కినప్పుడల్లా కిందికీ పైకీ ఊగి మన బలాన్ని కొంత తినేస్తుంది. గేర్లు లెక్కపెడదాం. ముందు 42, 34, 24 పళ్ల చక్రాలు. వెనక 14 నుంచి 28 దాకా ఏడు. ముందు 42, వెనక 28 వేస్తే పెడలు ఒక చుట్టుకి చక్రం ఒకటిన్నర చుట్లు. ముందు 24, వెనక 16 వేసినా అదే ఒకటిన్నర. ఇలా ఒకదాని మీద ఒకటి పడేవి తీసేస్తే నిజంగా వేర్వేరనిపించే గేర్లు పదో పన్నెండో మిగులుతాయి.

అయితే పాత నల్ల సైకిలే కొనమంటారా అని ఎదురు ప్రశ్న వస్తుంది. అక్కర్లేదు. దాని మీద బెంగ పెట్టుకునేవాళ్లు వానలో దాని రాడ్ బ్రేకు నొక్కి చూడాలి. తడిసిన స్టీలు రిమ్ము మీద రబ్బరు జారుతుందే తప్ప పట్టదు. ఒక్కటే గేరు, ఫ్లైఓవరు ఎక్కాలంటే దిగి తొయ్యాలి. అయిదడుగుల మనిషికి ఆ ఫ్రేము పొడుగు. కావలసింది మధ్యరకం: మీ ఎత్తుకు సరిపడే స్టీలు ఫ్రేము, సీటుకి సమానంగానో కాస్త పైనో హ్యాండిలు, నలభై మిల్లీమీటర్ల దాకా టైరు పట్టే చోటు, పనికొచ్చే ఎనిమిది గేర్లు, మంచి బ్రేకులు. స్టీలు దానంతటదే మెత్తగా ఉంటుందని దాని భక్తులు చెప్పేది కొంత అతిశయోక్తి. ఒంటికి హాయి ప్రధానంగా టైరు ఇస్తుంది. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైర్లతో పరిగెత్తిన పందెగాళ్లే ఇప్పుడు 28కీ, 30కీ వచ్చారు. నిటారుగా కూర్చుంటే గాలి ఎక్కువ తగులుతుందన్నది నిజమే. ఎనిమిది కిలోమీటర్ల ఆఫీసు దారిలో దానివల్ల పోయేది కొద్ది నిమిషాలు, అంతకన్నా ఎక్కువ సిగ్నళ్లే మింగుతాయి. తుప్పు పడుతుందా? విశాఖ ఉప్పుగాలిలో పడుతుంది. రంగు లేచినచోట వెంటనే పూత వేసి, సీటు గొట్టంలోకి నీళ్లు దిగకుండా చూసుకుంటే ఏళ్ల తరబడి ఆగుతుంది. దెబ్బ తగిలితే స్టీలు చాలావరకు సొట్టపడి కనిపిస్తుంది, చేయి తిరిగిన వెల్డరు అతికిస్తాడు. కార్బన్‌లో పగులు రంగు కింద దాక్కుంటుంది.

ఇక మిగిలింది షాపువాడి మాట: "ఆ మోడల్‌కి గిరాకీ లేదు సార్." నిజమే, అడిగేవాడు లేడు. ఈసారి సైకిల్‌ని ఎత్తి చూడకుండా వంగి, వెనక ఇరుసు దగ్గర మడ్‌గార్డుకీ క్యారియర్‌కీ మరలు బిగించే బెజ్జాలున్నాయేమో చూడండి. లేకపోతే, ఎందుకు లేవని అడగండి.