ఎనిమిదో గుర్రం

కళింగపట్నంలో రోడ్డు సముద్రం దగ్గర అయిపోతుంది. అక్కణ్ణుంచి ముందుకు పోవాలంటే తెప్ప కావాలి. ఎడంపక్క వంశధార మొగ. వెనక్కి తిరిగితే పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో శ్రీకాకుళం. ఆ పాతిక కిలోమీటర్లలో గేదెలుంటాయి, మేకలుంటాయి, స్పీడు బ్రేకర్లుంటాయి, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఉంటుంది. ఇలాంటి ఊళ్లో కూర్చుని, ఉన్న స్కూటరుకి ఇంకాస్త స్పీడు ఎక్కించాలని ఎవరికైనా బుద్ధి పుడుతుందా?

పుడుతుంది. అలాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. ఆయన లైన్‌మన్‌గానో పోస్టుమాస్టరుగానో చేసి దిగిపోయినవాడై ఉండొచ్చు గానీ, మా వైపు మాత్రం ఎక్కువగా రిటైరైన బడిపంతులే. పింఛను వస్తుంది, వీధరుగు ఉంది, పొద్దున్న పదింటికి గంట కొట్టేవాడు లేడు. ఆయన్ని మేష్టారనే పిలుద్దాం.

మేష్టారి బండి బజాజ్ చేతక్. 1972లో పుట్టిన మోడలు. అది పుట్టిన కొత్తలో డబ్బు కట్టినంత మాత్రాన చేతికొచ్చే వస్తువు కాదు. బుక్ చేసి ఏళ్ల తరబడి కాచుక్కూర్చోవాలి. మేష్టారికి మామగారు పెళ్లినాడే స్కూటరు బుక్ చేశారు. బండి ఇంటికొచ్చేసరికి పెద్దపిల్ల పలక పట్టింది. అన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న వస్తువును జనం మామూలుగా వాడుకుంటారు. మేష్టారు తెచ్చిన నెలకే విప్పేశారు.

విప్పడానికి కారణం కావాలంటే అది ఆ ఇంజనులోనే ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజనుకి వాల్వులు, క్యాము, గొలుసు అని బోలెడు సంసారం. టూ-స్ట్రోకుకి అవేవీ లేవు. పిస్టను పైకి లేచినప్పుడు కింద క్రాంకుకేసులోకి పెట్రోలు గాలి పీల్చుకుంటుంది, దిగేటప్పుడు దాన్ని పక్క దారుల్లోంచి పైకి తోస్తుంది, కాలిన పొగ ఇంకో కంతలోంచి బయటికి పోతుంది. తలుపు తీసేదీ వేసేదీ పిస్టనే. ఇంగ్లాండులోని బాత్ నగరంలో జోసెఫ్ డే అనే ఆయన ఈ ఏర్పాటుకి మొదటి రూపం కనిపెట్టి 1891లో పేటెంటు తీసుకున్నాడు. ఇందులో కదిలే ముఖ్యమైన భాగాలు మూడే: పిస్టను, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు. నాలుగోది తానేనని మేష్టారి గట్టి నమ్మకం.

ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. మీరు బండి మీద ఎదురైతే ఆయన మీ మొహం చూడరు. తల ఓ పక్కకి వంచి మీ బండి చప్పుడు వింటారు. మీ అమ్మగారికి ఆపరేషనయిన సంగతి ఆయనకి గుర్తుండకపోవచ్చు గానీ, మీ బండి కార్బొరేటరు జెట్టు నెంబరు మర్చిపోరు. “నీ బండి పెట్రోలెక్కువ తాగి రెండు చుట్లకోసారి పలుకుతోందిరా, ఎయిర్ ఫిల్టరు కడిగి ఎన్నాళ్లయింది?” అంటారు. పరాయి బండి మీద ఈ జాలి చూపించాక, సొంత బండిని కిక్కు కొట్టి, అది మొరాయిస్తే పక్కకి వంచి, కార్బొరేటరులోకి నాలుగు చుక్కలు దింపి, మళ్లీ కొడతారు. అది పలికాక ఎక్కడికీ వెళ్లరు. స్టాండు మీదే ఉంచి వింటారు. ఆయనకి స్కూటరు ప్రయాణసాధనం కాదు, కచేరీ.

సముద్రపు గాలి ఈ కచేరీకి ఆజన్మశత్రువు. ఉప్పుగాలి ముందు డిక్కీ మూతల అంచులు తింటుంది, తర్వాత కాళ్లు పెట్టుకునే రేకు తింటుంది. ఇప్పుడు మేష్టారి చేతక్కుకి నిలబడి చూస్తే రోడ్డు కనిపించేటన్ని చిల్లులున్నాయి. లోపల ఇంజను మాత్రం ఎమరీ పేపరు దెబ్బకి నిగనిగలాడుతుంటుంది. పైరేకు మార్పించరాదా అంటే, “రేకుదేముందయ్యా, అది పలుకుతాదేటి?” అంటారు.

ఇంజను విప్పే రోజు ఇంట్లో అందరికీ ముందే తెలిసిపోతుంది. ఆరోజు మేష్టారు భార్యను పేరుపెట్టి పిలిచి కాఫీ బాగుందంటారు. తర్వాత వీధరుగు మీద పాత పేపర్లు పరుచుకుంటాయి. ఇంట్లో స్టీలు పళ్లాలు ఒక్కొక్కటే మాయమై, నట్లు ఒక దాంట్లో, వాషర్లు ఒక దాంట్లో, మాగ్నెట్టు విడిగా ఒక దాంట్లో తేలతాయి. ఫ్రిజ్జు తలుపు తీస్తే పెరుగుగిన్నె పక్కన కాయితంలో చుట్టిన బేరింగు.

“ఏటండీ ఇది, తినీ సామాను మధ్యన ఇనపసామాను?”

“ఇనపసామాను కాదే. బేరింగు. సల్లబడితే సన్నబడతాది. కేసు వేడెక్కితే సాగుతాది. అప్పుడు సుత్తి దెబ్బ లేకుండా టక్కుమని కూర్చుంటాది.”

కేసు వేడెక్కేది ఎక్కడో ఆవిడ అడగదు. పొయ్యి మీంచి పప్పు దించి ఉండడం చూస్తూనే ఉంది.

ఫిజిక్సు ప్రకారం ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మేష్టారి బాధల్లో ఫిజిక్సు తప్పు ఎప్పుడూ లేదు. బాధంతా సర్క్లిప్పులతో. పిస్టను పిన్ను జారిపోకుండా అటొకటి ఇటొకటి ఉండే సన్నటి తీగ ఉంగరాలవి. నోరు మూసే గుడ్డ కుక్కకుండా ఒకటి క్రాంకుకేసులో పడిందంటే ఇంజను మళ్లీ మొదటికి. అందుకని మేష్టారు ముందు గుడ్డ కుక్కుతారు, పక్కనున్న కుర్రాళ్లకి గుడ్డ ఎందుకు కుక్కాలో పాఠం చెబుతారు, చెబుతూ చెబుతూ క్లిప్పుని ముక్కుపట్టకారుతో నొక్కుతారు. అది టింగుమని లేచి వీధిలోకి పోతుంది. కళింగపట్నం వీధి అంటే ఇసక. ఇక అక్కణ్ణుంచి పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతానికి దారం కట్టి, వీధి వీధంతా ఇసక దువ్వుతుంది. ఆ వెతుకులాటలో పోయిన ముక్కుపుడక శీల ఒకటి, నాలుగు మేకులు, ఎవరిదో తాళంచెవి దొరుకుతాయి. క్లిప్పు మటుకు సాయంత్రం మేష్టారి లుంగీ మడతలో దొరుకుతుంది.

సైలెన్సరు శుద్ధి ఇంకో పండగ. పెట్రోలుతో పాటు కాలిన ఆయిలు మసి గట్టి సైలెన్సరు గొంతుకి అడ్డం పడుతుంది. దాన్ని వదిలించాలంటే నిప్పుల్లో వెయ్యాలి. పెరట్లో కొబ్బరి మట్టల మంట, మధ్యలో సైలెన్సరు, దాని రెండు చివర్ల నుంచీ నల్లటి పొగ. మొదటిసారి పక్కింటివాళ్లు బిందెలతో పరిగెత్తుకొచ్చారు. ఇప్పుడు ఉతికిన బట్టలు లోపలికి తీసుకుని ఊరుకుంటున్నారు.

ఇంతవరకూ చేసింది రిపేరు. రిపేరు ఏ మెకానిక్కయినా చేస్తాడు. మేష్టారి అసలు ఆశ వేరే ఉంది. చేతక్ సిలిండరు వ్యాసం 57 మిల్లీమీటర్లు, పిస్టను నడక 57 మిల్లీమీటర్లు, వెరసి 145 సీసీ, అటూ ఇటుగా ఏడు గుర్రాల బలం. మనకి దగ్గర్లోనే అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి ఉన్నాడు, ఆయన రథానికీ ఏడే గుర్రాలు. దేవుడు ఏడుతో సర్దుకున్నాడు గానీ మేష్టారు సర్దుకోలేకపోయారు. కంపెనీవాడు ఎనిమిదో గుర్రాన్ని లోపలే ఎక్కడో కట్టేసి ఉంచాడని, ఆకురాయి పెట్టి సానబడితే అది బయటికొస్తుందని ఆయన లెక్క.

కట్టుకొయ్య ఎక్కడుందో కూడా ఆయనకి తెలుసు: పొగ పోయే కంత, ఎగ్జాస్టు పోర్టు. దాని పై అంచుని ఒక్క మిల్లీమీటరు పైకి అరగదీస్తే, దిగే పిస్టను దాన్ని కాస్త ముందుగా తెరుస్తుంది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు పొగ త్వరగా ఖాళీ అయి బలం పెరుగుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం, పిస్టనుని తోయాల్సిన ఒత్తిడి తోయకముందే బయటికి జారుకుంటుంది. ఈ రెండో వాక్యం మేష్టారికి తెలియనిది కాదు. సిలబస్‌లో ముఖ్యం కాని ప్రశ్న కింద వదిలేశారు.

ఫలితం ఇంటావిడ మీద పడింది. పోర్టు పెంచాక బండి, మనిషి ఒక్కరే ఉంటే రివ్వుమంటుంది, వెనక మనిషి కూర్చుంటే నిలబడ్డ చోటు నుంచి కదలదు. అంచేత ఇప్పుడు మేష్టారు ముందు బండిని కదిలిస్తారు, ఆవిడ పక్కన నాలుగడుగులు పరిగెత్తి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఎక్కుతుంది. స్పీడు బ్రేకరు దగ్గర దిగుతుంది, దాటాక మళ్లీ ఎక్కుతుంది. “బావుంది. బస్సయినా ఆపీవోడు కదా,” అంటుంది.

పోర్టు తర్వాత సైలెన్సరు. ఇక్కడ మేష్టారు మామూలు గొంతుతో మాట్లాడరు. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్, 1950లలో, పొట్ట ఉబ్బి చివర సన్నబడ్డ పొగగొట్టంతో చిన్న టూ-స్ట్రోకుల్ని పెద్ద రేసుల్లో గెలిపించాడు. దాని కిటుకు మేష్టారు మా ఊరి బీచిలోనే చూపిస్తారు: ఒడ్డుని కొట్టిన కెరటం వెనక్కి మళ్లి రాబోయే నీళ్లని ఎలా తోస్తుందో, గొట్టం చివర తగిలి తిరిగొచ్చే పొగకెరటం అలాగే, తప్పించుకుపోతున్న పచ్చి పెట్రోలుగాలిని మళ్లీ సిలిండరులోకి తోస్తుంది. 1961లో ఆ కంపెనీ రైడరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి అటే పారిపోయి ఈ విద్య జపాన్ సుజుకీకి పట్టుకెళ్లాడు. మరుసటేడు సుజుకీ 50 సీసీ బండి మీద అతనే ప్రపంచ విజేత.

“ఒక్క గొట్టం కోసం దేశం వదిలీసినాడే!” అన్నారు మేష్టారు భార్యతో.

“మీరు వాకిలి వదలండి సాలు. ముగ్గెట్టుకోవాల.”

పాత డ్రమ్ము రేకుతో శ్రీకాకుళంలో చేయించిన ఆ గొట్టం పెట్టాక కచేరీ కొత్త రాగం అందుకుంది. కుక్కలు ఊరి పొలిమేరలో ఎదురొచ్చి ఊరంతా వెంటబడి సాగనంపాయి. తెప్పకి మోటారు కట్టుకుని వేటకెళ్లే ఒకాయన మాత్రం అరుగు దగ్గర ఆగి, గొట్టాన్ని, మేష్టారిని మార్చి మార్చి చూశాడు. “మాది నడిసముద్రంలో ఆగిపోనాదంటే దేవుడే దిక్కు. మీది ఆగిపోనాదంటే ఆటో ఎక్కీసి ఒచ్చెత్తారు. అందుకే మేం ఇప్పం, మీరిప్పుతారు బావూ,” అన్నాడు. ఇంజన్ల మీద ఇంతకంటే మంచి వ్యాఖ్యానం మేష్టారి పుస్తకాల్లో లేదు. మేష్టారు మాత్రం ఆయన మోటారు ప్లగ్గు ఏ రంగులో ఉందో అడిగారు.

గొట్టం ఎంత తోసినా, దానికి తగ్గట్టు జెట్టు మార్చకపోతే పెట్రోలు చాలక ఇంజను మాడుతుంది. మాడింది. పిస్టను సిలిండరుని పట్టేసుకుని, బండి నడిరోడ్డున కీచుమని నిలబడిపోయింది. మేష్టారు దిగి, వేడి ఇంజను మీద చెయ్యి ఆనించి చూసుకుని, ఆటో ఎక్కారు. మొహంలో విచారం లేదు. మళ్లీ విప్పచ్చు.

ఇలా పట్టేసినప్పుడల్లా, అరిగినప్పుడల్లా శ్రీకాకుళం లేతు షాపులో బోరు చేయించాలి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టను వెయ్యాలి. మేష్టారు తన జీవితాన్ని తేదీలతో చెప్పరు. పెద్దపిల్ల పెళ్లి పావు సైజులో జరిగింది. ప్రమోషను అర సైజులో వచ్చింది. రిటైర్మెంటు ముప్పావులో. ఇప్పుడు పూర్తి మిల్లీమీటరు సైజులో ఉన్నారు, అంటే వ్యాసం 58. లెక్కకడితే 145 సీసీ ఇంజను 150 దాటింది. అరిగినకొద్దీ పెరిగే వస్తువు లోకంలో తన స్కూటరొక్కటేనని ఆయన గర్వం. ఆపై సైజు పిస్టను లేదు, ఇక బ్లాకే మార్చాలి. 2009 డిసెంబరులో బజాజ్ వాళ్లు స్కూటర్ల తయారీ మానేస్తామని ప్రకటించిన రోజున మేష్టారు పేపరు పక్కన పడేసి, ఉన్న డబ్బంతా పట్టుకెళ్లి రింగు సెట్లు కొన్నారు. ఆ ఏడు పండక్కి ఇంట్లో కొత్త బట్టలు లేవు.

బోరు చేయించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బండిని మెల్లగా నడపాలి, కొత్త రింగులు గోడకి అలవాటు పడేదాకా. కళింగపట్నంలో అన్ని కిలోమీటర్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకే ఆ రోజుల్లో మేష్టారు పరమభక్తులైపోతారు. శాలిహుండం బౌద్ధస్తూపం చూస్తారు, శ్రీముఖలింగం వెళ్తారు, శ్రీకూర్మం వారానికోసారి. తాబేలు రూపంలో వెలసిన స్వామి గనక, నలభై దాటని బండి మీద వచ్చిన భక్తుణ్ణి ఆయనే బాగా అర్థం చేసుకుంటాడు. దూరం పూర్తయ్యాక ఆఖరి దర్శనం అరసవల్లిలో. తిరుగు ప్రయాణంలో యాక్సిలేటరు పూర్తిగా తిప్పి, ఎనిమిదో గుర్రం పలుకుతుందేమోనని చెవి ఒగ్గుతారు. ఇన్నేళ్ల ఆకురాయి, గొట్టం, బోరు అంతా కలిపి శ్రీకాకుళం ప్రయాణంలో నాలుగు నిమిషాలు మిగిల్చాయని ఆయనే ఒప్పుకుంటారు. ఆ నాలుగు నిమిషాలూ ఇంటికొచ్చాక స్టాండు మీద ఇంజను వినడానికి ఖర్చయిపోతాయి.

మొన్న శ్రీకాకుళం నుంచి అల్లుడు కొత్త బండి మీద వచ్చాడు. 2020లో బజాజ్ వాళ్లు పాత పేరే పెట్టి మళ్లీ వదిలిన చేతక్, కరెంటుది. గుమ్మంలోకి వచ్చి ఆగేదాకా మేష్టారికి తెలియలేదు. ఆయన జీవితంలో చప్పుడు లేకుండా వచ్చిన మొదటి బండి అదే. చుట్టూ మూడుసార్లు తిరిగారు. వంగి చెవి ఆనించారు. కిక్కు లేదు, ప్లగ్గు లేదు, సైలెన్సరు లేదు. చాలాసేపటికి, “పేరు సేతక్కే గానీ, ఏటీ మాటాడదేటి బాబూ?” అన్నారు. తర్వాత నెమ్మదిగా లోపలికెళ్లి స్క్రూడ్రైవరుతో వచ్చారు.

అల్లుడు బండికి అడ్డం నిలబడ్డాడు. “మావయ్యగారూ, విప్పితే వారంటీ పోతుందండీ.”

మేష్టారు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, బండి సీటు మీద చెయ్యేసి, సర్ది చెప్పారు: “వారంటీ ఉన్నన్నాళ్లూ అది మీ బండి బాబూ. అయిపోనాక నా కాడికి పంపించీయండి.”