ముందు మందు

2020 మే 4. లాక్‌డౌన్ మొదలై నలభై రోజులు దాటాక ఆంధ్రాలో బడికీ గుడికీ ముందు బ్రాందీ షాపు తలుపు తెరుచుకుంది. ధర పాతిక శాతం పెంచారు, క్యూ తగ్గలేదు. మర్నాడు ఇంకో యాభై వడ్డించారు. ఖజానా కోసం కాదు సుమండీ, తాగుడు మాన్పించడానికేనట! విశాఖ జిల్లాలోనైతే క్యూలు సర్దడానికి సర్కారు పంతుళ్లకే డ్యూటీ వేశారు. పాపం, ఎదురుగా ఎంతమంది పాత శిష్యులు నిలబడ్డారో! వరుస తప్పినవాడికి గోడకుర్చీ వేయించే అధికారం మాత్రం ఇవ్వలేదు. తెలంగాణ ఇంకో రెండు రోజులు నిగ్రహించుకుని 16 శాతంతో సరిపెట్టింది. గుళ్లను మాత్రం జూన్ 8 దాకా ఆగమన్నారు. తీర్థానికి ఎక్సైజ్ సుంకం లేదు కదా మరి!